రహమత్ అత్త పేరు మీద పచ్చ గుర్తు

నాకు కోపం ఎక్కువ. ఆశా వర్కర్‌కి ఓపిక ఉండాలని మా మేడమ్ మొత్తుకుంటూనే ఉంటుంది. ఉండాలి, నిజమే. గడప గడపా తిరిగి "షుగర్ బిళ్ళ వేసుకున్నావా తల్లీ" అని అడిగి, "నీకింకేం పనిలేదా దుర్గా" అనిపించుకుంటే తెలుస్తుంది ఆ ఓపిక సంగతి.

నిరుడు ఫిబ్రవరిలో మాకు కళ్ళు చూసే ఫోన్ ఇచ్చారు. మామూలు ఫోనే, వెనక గొట్టం లాంటి కెమెరా తగిలించారు. షుగర్ ఉన్నవాళ్ళ కంట్లోకి గురిపెట్టి ఫోటో తీస్తే, లోపలి పొర పాడవుతోందో లేదో ఫోనే చెప్పేస్తుంది. బాగుంటే పచ్చ గుర్తు, పాడైతే ఎర్ర గుర్తు. మూడుసార్లు తీసినా ఫోటో సరిగ్గా రాకపోతే ఆ మనిషిని గుంటూరు కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళాల్సింది నేనే.

వినుకొండ పక్కన మాది మిరప ఊరు. ఆ రోజుల్లో జనమంతా కల్లాల్లోనే ఉంటారు. నేనూ ఫోన్ పట్టుకుని అక్కడికే పోయాను. రహమతున్నీసా అత్త తాలుకాయలు ఏరుతోంది. ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారినవి వేరు చేయడంలో ఆమెను మించినవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. పన్నెండేళ్ళుగా షుగర్.

"కళ్ళు మసగ్గా ఉంటున్నాయే, ఈ ఘాటుకి" అంది.

మా ఊళ్ళో కంటికి ఏమొచ్చినా మిరప ఘాటే. నేనూ అదే అనుకున్నాను. కూర్చోబెట్టి ఫోటో తీశాను. కళ్ళ నిండా నీళ్ళు. మళ్ళీ తీయమంది ఫోన్. రెండోసారీ అంతే.

"రెప్ప కొట్టబాకు అత్తా, ఎన్నిసార్లు చెప్పాలి!"

"మండుతుంటే నేనేం చేసేది?"

సాయంత్రానికి నలభై మందివి పంపాలి. ముప్పై తొమ్మిదయ్యాయి. ఎండ మాడు పగలగొడుతోంది. "పో, మొహం కడుక్కురా" అని అరిచాను. ఆమె బోరు దగ్గరికి వెళ్ళింది. అప్పుడే అత్త కోడలు నస్రత్ అన్నం క్యారేజీ తెచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఇంకా ఘాటు తగలని కళ్ళు. "ఇటు కూర్చోవే" అన్నాను. తనకే పరీక్ష అనుకుని కూర్చుంది. ఒక్క దెబ్బకి ఫోటో వచ్చింది. అత్త పేరు మీద పచ్చ గుర్తు పడింది.

అత్త కొంగుతో తుడుచుకుంటూ వచ్చి "మళ్ళీ కూర్చోనా?" అంది.

"అక్కర్లేదు. ఇందాక తీసిందే సరిపోయింది. నీ కళ్ళు బాగున్నాయంట."

ఎంత మురిసిపోయిందో! పని అయ్యాక నిజంగా తీద్దాంలే అనుకున్నాను. ఈలోపు ఫోన్ పక్క ఊరికి పోయింది. నేను మర్చిపోయాను. ఛ, మర్చిపోవడం ఎక్కడిది, బద్ధకించాను.

ఈ ఏడు కల్లంలో గొడవైంది. "ఏందమ్మా ఇది, మంచికాయలో సగం తాలే ఉంది!" అంటూ రైతు శివరామకృష్ణ బస్తా తిరగబోశాడు. అత్త బిక్కమొహం వేసుకుని "ఘాటు బాబూ" అంది. అది ఘాటు కాదని నాకు అర్థమైపోయింది. సోమవారం గుంటూరు పోదామన్నాను. "కాయ పని అయిపోనీయవే" అంది. ఆదివారం పొద్దున నస్రత్ పరుగెత్తుకొచ్చింది. తెల్లారి రెండు గంటలైనా అత్తమ్మ ఇంకా లైటు వేయమంటోందని.

గుంటూరులో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "లోపల రక్తం కారి పొర ఊడిపోయిందమ్మా, రెండు కళ్ళలోనూ. ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని చెప్పలేను. నిరుడు వచ్చుంటే లేజర్‌తో ఆపేవాళ్ళం. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదా?"

"చేయించుకున్నానండీ. మా దుర్గే చేసింది. బాగున్నాయని ఫోన్లో వచ్చింది" అంది అత్త. నా చెయ్యి పట్టుకునే ఉంది.

ఇక ఆగలేకపోయాను. "అది నీ కన్ను కాదత్తా. నస్రత్‌ది" అన్నాను. ఎందుకు చేశానో అంతా చెప్పాను. వెక్కి వెక్కి ఏడ్చాను. తిడుతుందనుకున్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది.

"ఎర్రది వచ్చుంటే అప్పుడే తీసుకొచ్చేదానివా?" అంది.

"తెచ్చేదాన్ని."

అత్త నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుని లేచింది. రెండడుగులు వేసి బల్లకు కొట్టుకుని ఆగిపోయింది. నస్రత్ అప్పటికే మందుల కోసం కిందికి వెళ్ళింది, డాక్టరమ్మ తల దించుకుని ఏదో రాసుకుంటోంది. అత్త మళ్ళీ నా వైపే చెయ్యి చాచింది.

"తలుపెటుందో చూపించు" అంది. దుర్గా అని పిలవలేదు.