ఎడమ స్పీకరు

ఫ్రిజ్ ఆపేయమని మా ఆయన హాల్లోంచి కేకేశాడు. ఆయన పాట వినాలంటే ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాను, కుక్కరు, నేను అందరం నోరు మూసుకోవాలి. పాలు విరిగిపోతాయండీ అంటే, "మళ్లీ కొనుక్కోవచ్చులే" అన్నాడు. వెళ్లి కొనుక్కురావలసింది నేనే.

ఇవాళ కొత్త ప్రీయాంప్ వచ్చింది. పాట స్పీకర్లకి వెళ్లేలోపు దాన్ని సరిచేసి పంపే పెట్టె అది. "సిస్టమ్‌కి గుండెకాయ లాంటిది. పాతది డొక్కుది. మన బడ్జెట్‌లో ఇంతకంటే మంచిది రాదు" అని నెల్లాళ్లుగా ఊదరగొడుతున్నాడు. మన బడ్జెట్ అంటే నా చెవి మిషను డబ్బు. పనిమనిషిని మాన్పించి అంట్లు నేనే తోముకుంటూ, ఆఫీసుకి నడిచి వెళుతూ కూడబెట్టుకున్నది. నాకు ఎడమ చెవి వినపడదు. కిందటేడు ఫోన్ మాట్లాడటానికి ఆయన పాట సౌండు తగ్గించానని కొట్టాడు. గుయ్ మని ఒకటే హోరు. ఆ హోరు తగ్గాక ఆ చెవిలో ఇంకేమీ మిగల్లేదు. "మగాడన్నాక ఓ దెబ్బ వేస్తాడు, అంతమాత్రానికే చెవులు పోతాయా, చోద్యం కాకపోతే" అని మా అత్తగారు. ఆవిడ మాట వినడానికి కుడి చెవి తిప్పితే, మొహం తిప్పుకున్నానని ఊరంతా చాటింది.

నేను పనిచేసేది ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు వినే చోట. హెడ్‌ఫోన్లు రెండు చెవులకీ పెట్టుకుని ఒక్క చెవితో నెట్టుకొస్తున్నాను. సాయంత్రానికి ఆ చెవీ సలుపుతుంది. సూపర్‌వైజర్ ఎడమ వైపు నుంచి వచ్చి పిలుస్తాడు, నేను పలకను. "మేడంగారు కునుకు తీస్తున్నారా?" అంటే చుట్టుపక్కల వాళ్లు కిసుక్కున నవ్వుతారు. వచ్చే నెల అందరికీ చెవుల పరీక్ష ఉంది. మిషను లేకుండా వెళితే ఉద్యోగం ఊడుతుంది. ఇదంతా చెప్పాను. ఆయన సాంతం విని, "మంచి ప్రీయాంప్ ఉంటే ప్రతి మాటా స్పష్టంగా వినపడుతుంది. నీకూ పనికొస్తుంది" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు.

ఈ పాటల పిచ్చివాళ్లకి ఒక ఆచారం ఉంది. కొత్త పెట్టె కొంటే, దాని గొడవేమీ పట్టని మనిషిని రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని తీర్పు చెప్పమంటారు. మా ఇంట్లో ఆ మనిషిని నేను. ఆయన స్నేహితుడు కూడా వచ్చి కూర్చున్నాడు. పాట మొదలైంది.

"ఎడమ పక్క ఎలా ఉందే?"

"ఆ పక్క ఏమీ వినపడటం లేదు."

కళ్లు తెరిచి చూస్తే ఆయన మొహం మాడిపోయి ఉంది. వైర్లు పీకాడు, మళ్లీ గుచ్చాడు. ఎడమ స్పీకరు సౌండు గోడలు అదిరేలా పెంచి, "ఇప్పుడు?" అన్నాడు. ఆ మోతంతా నాకు కుడి చెవిలోకే వస్తోంది. ఆయనకి చెమటలు కారుతున్నాయి. తను కొట్టింది ఏ చెవి మీదో ఆ మనిషికి గుర్తులేదు.

స్నేహితుడు అయోమయంగా చూశాడు. "బాగానే వస్తోంది కదరా. నీకు వినపడట్లేదా చెల్లెమ్మా?"

"పోయింది స్పీకరు కాదు అన్నయ్యగారూ, నా చెవి. ఈయన కొడితే పోయింది."

అతను తలొంచుకుని వైర్లకేసి చూశాడు. మా ఆయన మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు.

"ఓస్, అదా! ముందే చెప్పి ఏడవచ్చుగా. పెట్టె పాడైందేమోనని హడలి చచ్చాను."

స్నేహితుడు గొంతు సవరించుకున్నాడు. "పోన్లేమ్మా, కుడి పక్క ఎలా ఉందో చెప్పు."

కుడి పక్క చాలా బాగుంది. ఇద్దరూ అన్న ప్రతి మాటా స్పష్టంగా వినపడింది. లేచి వెళ్లి ప్లగ్ పీకేశాను. నచ్చకపోతే వారంలోపు తెచ్చిచ్చి డబ్బు తీసుకెళ్లమని పొద్దున పెట్టె తెచ్చిన షాపతను అన్నాడు. రేపు ఇచ్చేసి, అటునుంచి అటే చెవి డాక్టరు దగ్గరికి వెళతాను. మొదటిసారి వెళ్లినప్పుడు బాత్రూంలో జారిపడిందని ఈయన చెబితే, డాక్టరు అదే రాసుకున్నాడు. ఈసారి ఒక్కదాన్నే వెళతాను, కొట్టిన వాడి పేరు రాసుకోమంటాను.