బుల్లెమ్మకు తెలివుందని రాశారు

మేజిస్ట్రేటు గారు ప్రశ్న అడుగుతుంటే మా అమ్మాయి బుల్లెమ్మ పైన తిరిగే పంకాను చూసి నవ్వింది. చిన్నప్పుడు దానికి మూర్ఛలు వచ్చేవని ఎవరో చెప్పారు. పిల్లకు మతి సరిగా ఉందో లేదో, కేసు నడపవచ్చునో లేదో ఏలూరు పెద్దాసుపత్రి డాక్టరు చూసి చెప్పాలని ఆర్డరు వేశారు. కైకలూరు వర్తకుడి తాటిదోనె పడవ దొంగిలించిందని దాని మీద కేసు. పదమూడేళ్ల పిల్ల.

"మతి లేదని రాస్తే ఏమవుతుందండీ?" అని ప్లీడరు కోదండరామయ్య గారిని అడిగాను.

"విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పంపినా పంపొచ్చమ్మా. ఎన్నాళ్లో చెప్పలేం."

నేను మూడో క్లాసుతో బడి మానేసినదాన్ని. నాకు తెలిసిన చదువల్లా బట్టీ పట్టడమే. మేజిస్ట్రేటంటే ఎవరు, ప్లీడరు ఎందుకు, సాక్షి ఏం చేస్తాడు, అన్నీ కనుక్కుని వారం రోజులు వరసగా దానిచేత వల్లె వేయించాను.

డాక్టరు గారు మొదటే, "సాక్షి అంటే ఎవరు?" అన్నారు.

"తీర్పు చెప్పేవారండీ," అంది బుల్లెమ్మ గడగడా.

"మరి మేజిస్ట్రేటు?"

"మన తరపున మాట్లాడేవారండీ."

ఆయన కళ్లజోడు తీశారు. "ఎవరు నేర్పారిది?"

"నేనేనండి. వరస తప్పిందండీ. మొదటినుంచీ అడగండి బాబూ!"

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ. ఏమే బుల్లెమ్మా, మీ ఊళ్లో ఎవరి వలైనా పోతే ఏం చేస్తారు?"

అది నావైపు చూసింది. ఇది నేను నేర్పలేదు.

"పెద్దలు కూర్చుంటారండీ. పోయినోళ్లు చెప్తారు. ఎవరు తీశారంటారో ఆళ్లూ చెప్తారు. చూసినోళ్లు ఒట్టేసి చెప్పాలి. ఆనక తప్పు ఎవరిదో తేల్చి పెద్దలు జరిమానా ఏస్తారు."

"చూసినవాడు అబద్ధమాడితే?"

"నిలేస్తామండీ. మా అమ్మ ఓసారి, అమాస చీకట్లో నీకెలా కనపడిందిరా అంది. ఆడు నీళ్లు నమిలాడండి."

"దోనె నువ్వే తీశావని కోర్టులో గద్దిస్తే ఒప్పేసుకుంటావా?"

"ఎందుకొప్పుకుంటానండీ? కట్టు తెగి కొట్టుకొచ్చి తుంగలో ఇరుక్కుంటే ఒడ్డుకి లాగాను. ఆ మాట చెప్తానంటే అమ్మే, ముందు ఇది చదవ్వే అని..."

డాక్టరు గారు పగలబడి నవ్వారు. "తెలివికేం లోటు లేదు. కేసు నడపవచ్చు" అని రాసి, నాకు చదివి వినిపించారు. కూతురి మీద కేసు నడుస్తుందంటే చేతులెత్తి దండం పెట్టాను.

వరండాలోకి వచ్చి కూలబడి ఏడ్చాను.

"తెలివుందని రాస్తే ఏడుస్తావేంటే అమ్మా? ఇంకా వాయిదా ఉందిగా, అప్పుడేడుద్దువుగానిలే. లే, ఆకలేస్తంది."