ఎదురింటి గుమ్మంలోంచి చూసే తోట

పొద్దున్నే లేచి ఆవిడ చేసే మొదటి పని బొమ్మకి నీళ్లు చల్లడం. ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిలే. హాల్లో గోడకున్న బొమ్మ మీద నాలుగు సార్లు పుస్ పుస్ మనిపించి, కింద రాలిన ఆకులు ఊడుస్తుంది. ఆకులంటే గోరంత రంగు పెచ్చులు. కొన్ని పచ్చవి, కొన్ని పసుపువి, అప్పుడప్పుడూ ఓ ఊదాది. ఆ తర్వాతే టీ. టీ తర్వాత కుట్టు మిషను. ఆ వీధిలో సగం కిటికీలకి ఆవిడ కుట్టిన కర్టెన్లే.

"ఈ మధ్య బాగా గుబురైపోయింది చూశావా?" అంటాడు మొగుడు బూట్లు వేసుకుంటూ. ఆయన సిటీ బస్సు కండక్టరు. "ఆ ఎడమ మూల నిలబడ్డానికి కూడా చోటు లేదు."

"మీకు ఎక్కడ చూసినా బస్సే."

ఆ బొమ్మ ఆవిడ తమ్ముడు వేశాడు. వాన వెలిసిన అడవి. చేటలంత ఆకులు, వాటి మీద జారుతున్న తడి, సందుల్లోంచి కారుతున్న ఎండ. అలాగని ఆకు అని గీత గీసి వేసింది ఒక్కటీ లేదు. అన్నీ చుక్కలు, మరకలు, కుంచెతో ఒత్తి వదిలేసిన రంగు ముద్దలు. ఇంప్రెషనిస్టు పద్ధతట. "దగ్గరికెళ్తే మరకలే అక్కా, దూరం జరిగితే తోట," అని చెప్పి, వీళ్లు ఆ ఇంట్లో దిగిన రోజు తనే మేకు కొట్టి తగిలించాడు. కొన్నాళ్లకి ఆకులన్నీ కిటికీ వైపు తిరిగాయి. మొక్కన్నాక తిరగవూ?

చిక్కల్లా ఆ దూరంతోనే. వాళ్ల హాలు అగ్గిపెట్టెంత. ఒక గోడకి వీపు ఆనిస్తే రెండో గోడ ముక్కుకి తగుల్తుంది. అది తోటలా కనపడాలంటే వీధి తలుపు బార్లా తీసి, మెట్ల దగ్గరున్న ఖాళీ దాటి, ఎదురు వాటా గుమ్మంలో నిలబడాలి. ఆ గుమ్మంలో పొద్దస్తమానం కుర్చీ వేసుకుని ఎదురింటి మామ్మ కూర్చునుంటుంది. అంటే బొమ్మ వీళ్లది, చూడ్డం మామ్మది.

"అమ్మాయ్! తలుపేసుకున్నావేం? నా తోట కనపడి చావట్లేదు."

"పోపు పెట్టా మామ్మా, పొగొస్తోంది!"

"పొగమంచనుకుంటాలే, తియ్యి!"

తమ్ముడి ముద్దుపేరు నత్త. ఆ పేరు పెట్టింది కూడా అక్కే. అన్నం తినడం, బూటు లేసు కట్టుకోవడం, అడిగినదానికి జవాబు చెప్పడం, అన్నీ వాడికి నెమ్మది. "నత్తలా ఏంట్రా, తొందరగా కానీ," అనేది చిన్నప్పట్నుంచీ వాడి చెవిలో ఆవిడ పెట్టిన జోరీగ. ఇప్పుడు వాడు రంగుల షాపులో గోడలకి షేడ్లు కలుపుతాడు, సెలవు రోజున బొమ్మలేస్తాడు. చుట్టాలెవరైనా "మీ వాడేం చేస్తున్నాడు?" అంటే ఆవిడ "కంపెనీలో" అని గొణిగి, టీ తాగుతారా అని మాట మార్చేసేది. బొమ్మల మాటే ఎత్తేది కాదు. వాడు మాత్రం బొమ్మ కింద పేరుకి బదులు, కుడి మూల ఆకు మీద చిన్న నత్తని వేసేవాడు. అక్క పెట్టిన పేరే వాడి సంతకం.

ఇదంతా బీరువా రాకముందు.

బీరువా వచ్చాక, దానికీ స్విచ్‌బోర్డుకీ మధ్య మిగిలిన గోడకి బొమ్మ జానెడు ఎక్కువైంది. బీరువా ఇంకెక్కడా పట్టదు. బొమ్మకి వేరే గోడ మీద వెలుతురు లేదు. ఆవిడ టేపు పెట్టి కొలిచింది. సుద్దముక్కతో గీత గీసింది. ఇన్నేళ్లుగా ఆవిడ చేసే పని అదే కదా. కొలత కుదరకపోతే గుడ్డని కత్తిరిస్తాం, కిటికీని కత్తిరించం. మేకులు పీకి, కాన్వాసుని టేబులు మీద పరిచి, పెద్ద కత్తెరతో కుడివైపు జానెడు తీసేసింది. ఫ్రేము షాపతను కర్రలు పొట్టి చేసి మళ్లీ బిగించిచ్చాడు. కచ్చితంగా సరిపోయింది. ఆ రోజు ఆవిడకి మహా తృప్తిగా అనిపించింది కూడా.

తీసేసిన ముక్క పారెయ్యడానికి మనసొప్పలేదు. గట్టి గుడ్డ. అప్పుడే మామ్మ కిటికీకి కర్టెన్ కుడుతోంది, పై అంచు నిలబడ్డానికి లోపల వేసే బక్రం అయిపోయింది. ఈ ముక్కని మడిచి అందులో పెట్టి కుట్టేసింది. ఏ కర్టెనూ అంత బాగా నిలబడలేదు.

సెలవు రోజున తమ్ముడొచ్చాడు. ఎప్పట్లాగే లోపలికి రాకుండా మామ్మ గుమ్మంలో నిలబడి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వాడి చేతిలో టీ చల్లారింది.

"చిన్నదైనట్టుంది కదక్కా?"

'కత్తిరించా' అనే మాట అప్పుడు చాలా తేలిగ్గా ఉండేది. కానీ ఆవిడ నోట్లోంచి వేరేది వచ్చింది. "బీరువా పెద్దది కదా, పక్కన అలా కనిపిస్తుంది."

"నత్తేదీ?"

"ఆకులు పెరిగి కప్పేసుంటాయి."

"ఆ పక్కన ఎండ వేశాను. ఆకుల్లోంచి కిందకి పడే ఎండ. బొమ్మ మొత్తంలో నాకు కుదిరింది అదొక్కటే."

"నువ్వలాంటిదేం వెయ్యలేదురా," అంది ఆవిడ. అని, వంటింట్లోకి వెళ్లిపోయింది. అక్కడ పనేం లేదు. ఉత్త గిన్నె ఒకటి తీసి కడిగింది.

వాడు వెనకే వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. "షాపులో కూడా మొన్న ఒకాయన గొడవ పడ్డాడు, షేడు తేడా కొట్టిందని. నేను సరిగ్గానే కలిపాననుకున్నా." చల్లారిన టీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నా కళ్లే తేడా చేశాయేమో. లేని ఎండ ఉందనుకుంటున్నానంటే."

ఆవిడ గిన్నె కడుగుతూనే ఉంది.

తర్వాతి సెలవుకి వాడు కుంచెల కట్ట పట్టుకొచ్చాడు. "నీ మిషను సందుల్లో దుమ్ము దులుపుకోడానికి పనికొస్తాయక్కా. నాకింక అక్కర్లేదు. గోడౌనుకి మార్చమని అడిగా. అక్కడ మూతేసిన డబ్బాలు ఎత్తడం, దించడమే. రంగులతో పనుండదు." నవ్వుతూనే చెప్పాడు. ఆవిడ చేతులు చాపి తీసుకుంది. తీసుకున్న చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఆ వారం నుంచి బొమ్మకి కొత్త గుడ్డ రావడం మొదలైంది. కోసిన వైపు, ఫ్రేము దాటి, రోజూ కాస్త కాస్త. మీద రంగు లేదు, చుక్క లేదు, తెల్లటి కోరా కాన్వాసు. ఆవిడ పొద్దున్నే తలొంచుకుని నీళ్లు చల్లి, వచ్చిన గుడ్డని వెనక్కి మడిచి గుండుసూది గుచ్చేది. మర్నాటికి సూది కిందుండేది.

"గాయం పూడుతోంది పాపం," అన్నాడు కండక్టరు. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తాలెండి."

"ఇదే మాట మొన్నా అన్నావ్. దిగాల్సిన స్టాపు దాటిపోయాక ఎంత అరిచినా బస్సాగదు."

ఆవిడకి కోపమొచ్చింది. ఆయన మీద కాదని తెలిసి ఇంకా కోపమొచ్చింది. పగలంతా తలుపేసుకుని కుట్టుకోసాగింది. మామ్మ అరిచినా పలకలేదు. మిషను సందుల్లో పీచు తీయడానికి ఆ కుంచెలే వాడింది. వాడినప్పుడల్లా ఎవరో చూస్తున్నట్టు తల తిప్పి చూసేది.

చివరికి మామ్మే వచ్చి తలుపు కొట్టింది. "అమ్మాయ్, నువ్వు కుట్టిన కర్టెన్ చిగురేసింది. ఓసారి వచ్చి చూడు."

వెళ్లి చూసింది. కర్టెన్ పై అంచు కుట్లలోంచి లేత ఆకులు బయటికొచ్చి వేలాడుతున్నాయి. ఆకుల మధ్య ఎండ. బయట మబ్బేసుంది, అయినా మామ్మ గది ఆ మూల పచ్చగా వెలుగుతోంది. కర్టెన్ మీద జిగురుగా వెండిగీత ఒకటి. ఆ గీత చివర, నేలకి కొంచెం పైన, గోధుమరంగు నత్త. మొహం తలుపు వైపుంది.

"బయల్దేరి చాలాసేపైంది," అంది మామ్మ. "ఇంటికి పోతోంది కాబోలు."

"మామ్మా..."

"నాకేం చెప్పకు. నాకు కర్టెన్ బావుంది. చెప్పాల్సిన వాడికి చెప్పు."

ఆవిడ నత్తని ఎత్తబోయింది. అది చటుక్కున లోపలికి ముడుచుకుంది. వేలు తీసేస్తే మళ్లీ మెల్లగా కొమ్ములు బయటపెట్టింది. రెండోసారి ముట్టుకోడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు.

నత్త మామ్మ గుమ్మం దిగి, మెట్ల దగ్గర ఖాళీలోకి వచ్చేసరికి తమ్ముడి సెలవు రోజు కూడా వచ్చేసింది. మర్నాడే గోడౌనులో చేరాలి. వచ్చేవాడికి ఆ వెండిగీత కనపడకుండా ఎలా ఉంటుంది? ఆవిడ తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, మామ్మ గుమ్మం దగ్గర్నుంచి తుడవడం మొదలెట్టింది. సగం తుడిచింది. సరిగ్గా అప్పుడు కింద మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. మెట్టుకోసారి ఆగి ఆగి పడే అడుగులు. అలా ఎక్కేవాడు ఊరంతటికీ ఒక్కడే.

ఇంకో నాలుగు సార్లు గుడ్డ తిప్పితే అయిపోయేది. వాడి నెమ్మది పుణ్యమా అని ఆవిడకి అంత టైముంది. చిన్నప్పుడు వాడు లేసులు కట్టుకునేదాకా ఆగలేక వదిలేసి వెళ్లిపోయిన రోజులన్నీ ఎందుకో గుర్తొచ్చాయి. గుడ్డ పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఏంటక్కా, నేల తుడుస్తున్నావ్?"

"తొక్కకురా. అక్కడే ఉండు." ఆవిడ తలెత్తలేదు. "నీ నత్తది ఈ గీత. బీరువాకి అడ్డమొచ్చిందని బొమ్మని నేనే కత్తిరించా. నత్తనీ, నీ ఎండనీ. మామ్మ కర్టెన్లో బక్రంగా వేసి కుట్టేశా. నువ్వడిగితే అబద్ధం చెప్పా."

ఆవిడ ఆ గుడ్డని పిండుతూనే ఉంది, నీళ్లు అయిపోయినా.

"ఎండ ఉండేదా?" అన్నాడు చివరికి.

"ఉండేది."

"నిజంగా వేశానా?"

"వేశావురా. కావాలంటే వెళ్లి చూడు. మామ్మ గదిలో పడుతోంది."

వాడు గీతని దాటుకుని మామ్మ గుమ్మంలోంచి తొంగి చూశాడు. తిరిగొచ్చినప్పుడు వాడి మొహం పరీక్ష పాసైన పిల్లాడిలా ఉంది. "అయితే నా కళ్లు బానే ఉన్నాయన్నమాట!"

అంతే అన్నాడు. తిట్టలేదు. ఒక్క మాటన్నా తిట్టుంటే ఆవిడ తలెత్తగలిగేది.

"కుంచెలేవక్కా?"

అది అడుగుతాడని ఆవిడ అనుకోలేదు. మిషను నూనె, కర్టెన్ల పీచు పట్టి అట్టకట్టిన కుంచెలు తెచ్చిచ్చింది. వాడు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "సబ్బు పెట్టి రుద్దితే పోతుందిలే," అన్నాడు. ఇద్దరూ కుళాయి దగ్గర నిలబడి రుద్దారు. ఆవిడ ఎక్కువ రుద్దింది.

కర్టెన్ విప్పేస్తానని మామ్మ లేచింది గానీ వాడొద్దన్నాడు. "ఉండనీ మామ్మా. మీ గదికీ ఎండ కావాలి కదా. ఇక్కడ కొత్తది వేస్తా." కొత్త గుడ్డ మీద ఒక మరక పెట్టడం, బయటికొచ్చి మామ్మ గుమ్మంలో నిలబడి చూడ్డం, మళ్లీ లోపలికెళ్లి ఇంకో మరక పెట్టడం. మధ్యాహ్నమంతా అదే. మామ్మ కుర్చీ జరుపుకుని చోటిచ్చింది. మర్నాడు గోడౌనుకి వేరే ఎవరో వెళ్లారు.

ఆ సెలవు రోజు సాయంత్రమే, డ్యూటీ దిగి కండక్టరు వచ్చేసరికి నత్త వాళ్ల గుమ్మం ఎక్కుతోంది. ఎక్కడం, జారడం, కొమ్ములు ముడుచుకుని కాసేపు కూర్చోవడం. పక్కనే ఆవిడ చతికిలబడి ఉంది. బొమ్మకి చోటిచ్చి బీరువా వంటింటి గుమ్మానికి అడ్డంగా జరిగుంది. ఇంక అన్నం తినాలంటే పక్కకి తిరిగి దూరాల్సిందే.

"ఊఁ, రైట్ రైట్! పోనీ పోనీ!" అన్నాడాయన నత్త మీదకి వంగి, అలవాటు కొద్దీ.

"తొందరపెట్టకండి వాణ్ణి," అంది ఆవిడ.