చిలకచేపల పంపకం

మొగలిపేటకీ రేవుపేటకీ మధ్య సముద్రంలో ఒక బండ ఉంది. పాటు సమయంలో నీళ్లు వెనక్కి తీస్తే దాని వీపు బయటపడుతుంది, పోటుకి మునిగిపోతుంది. దాని మీద పట్టిన నాచు మెయ్యడానికి చిలకచేపలు వస్తాయి. పళ్లన్నీ ఒకటిగా అతుక్కుపోయి మూతి అచ్చం చిలక ముక్కులా ఉంటుంది. ఆ ముక్కుతో అవి రాయిని గీకుతుంటే పైన తెప్ప మీద కూర్చున్నవాడికి కూడా కరకరమని వినిపిస్తుంది. నాచుతోపాటు రాతిపొడి కూడా మింగి, దాన్ని తెల్లటి ఇసుకగా వెనకనుంచి వదులుకుంటూ పోతాయి.

వాటిలో ఎర్రమట్టి రంగువి గుంపులుగా తిరుగుతాయి. ప్రతి గుంపు దగ్గరా నీలమూ ఆకుపచ్చా కలిసి మెరిసే పెద్దది ఒకటి ఉంటుంది. పొగరుబోతు. మరో నీలందాన్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వదు. ఇవి వేరు, అవి వేరు, రెండూ రెండు జాతులని రెండు పేటల జాలరులకీ గట్టి నమ్మకం. తాతల కాలంలో ఆ బండ కోసం తెడ్లతో తలలు పగలగొట్టుకున్నాక, పెద్దలు కూర్చుని చేపల్ని పంచేశారు. నీలంవి రేవుపేటకి, ఎర్రవి మొగలిపేటకి. అవతలివాళ్ల చేప వలలో పడితే బతికుండగానే వదిలెయ్యాలి. ఎవరైనా దాన్ని అమ్మితే ఆ ఇంటి తెప్ప మళ్లీ ఆ బండ దగ్గరకి పోకూడదు. అదీ కట్టు.

మొగలిపేట సోములు పెళ్లాం అప్పలనరసమ్మ సంతబొమ్మాళి సంతలో నీలం చిలకచేపతో పట్టుబడింది. అది కూడా గంప అడుగున దాచి కాదు, పైనే పెట్టుకుని.

నరసమ్మకి ఒక అలవాటుంది. మొగుడు తెచ్చిన చిలకచేపల్లో బతికున్నవాటిని ఒడ్డున రాళ్ల మధ్య మడుగులో వదిలి, నీళ్లు వచ్చిపోయే సందుకి రాళ్లు అడ్డుపెట్టి, సంత రోజున తీసేది. ఆ ఏడు వానలు తెరిపివ్వక సంతలు సాగలేదు. మడుగులో ఎర్రవి అలాగే ఉండిపోయాయి. అన్నిట్లోకీ పెద్దదాని బుగ్గలు ముందు పచ్చబడ్డాయి, తర్వాత రెక్కలు, చివరికి ఒళ్లంతా నీలమైపోయింది. నరసమ్మ రోజూ చూస్తూనే ఉంది. తన చేప తన మడుగులో రంగు మారితే అది పరాయివాళ్లదైపోతుందని ఆమెకి తోచనే లేదు.

రెండు పేటలవాళ్లూ పంచాయితీకి ఇసుకలో కూర్చున్నారు. రేవుపేట కులపెద్ద రామూర్తి, వరసకి నరసమ్మకి మావ, నెమ్మదిగానే అడిగాడు.

"ఏటమ్మీ, మా సేప నీ గంపలోకి నడిసొచ్చినాదేటి?"

"నడిసి రానేదు మావా. ఎర్రదే నీలవైపోనాది."

జనం గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవడో, "అలాగయితే మా ముసిల్దాన్ని కూడా నీ మడుగులో ఒగ్గుతాను, పడుసుదైపోతాదేమో," అన్నాడు. మొగలిపేటవాళ్లు కూడా నవ్వారు. సోములు మాత్రం పెద్దాయన కాళ్ల మీద పడి తప్పయిపోయిందని చెప్పుకుందామని లేవబోయాడు. బండ పోతే ఇక నౌపడా ఉప్పు కొటార్లలో కూలికి పోవడమే అతనికి మిగిలేది. నరసమ్మ అతని గోచీ కొస పట్టుకుని కిందికి లాగింది.

"సెయ్యని దొంగతనానికి కాళ్లు పట్టుకుంటే రేపు నా పిల్లలు కూడా దొంగ పిల్లలే," అంది అతనికి మాత్రమే వినబడేలా.

తర్వాత లేచి నిలబడి అడగవలసింది అడిగింది. రామూర్తే తన చేత్తో ఎర్రవాటిని పట్టి మడుగులో వెయ్యాలి. రెండు పేటల నుంచీ మనుషులు వంతులవారీగా కాపలా ఉండాలి. ఎండలు ముదిరేలోగా రంగు మారకపోతే తెప్ప తానే తగలబెడుతుంది. ఆ చివరి మాటకి సోములు ఆమె కొంగు పట్టి లాగాడు. రామూర్తికి ఆ మొండితనం నచ్చిందో, వినోదమనిపించిందో గాని, సరేనన్నాడు.

ఆ మర్నాటి నుంచి నరసమ్మకి మడుగే ఇల్లయింది. పాటు వేళ బండలు ఎక్కి నాచు పట్టిన రాళ్లు మోసుకొచ్చి మడుగులో పడేసేది. గుల్లలు గీసుకుని అరచేతులు రక్తాలు కారేవి. ఎండకి నీళ్లు వేడెక్కకుండా కొబ్బరి మట్టలు కప్పేది. సందులో రాళ్లు కదిలితే సర్దేది. చూడవచ్చిన ఆడవాళ్లు, ఎర్రవి ఎర్రగానే ఉన్నాయి కదా అని సాగదీసి అడిగితే, ఉన్నాయనేది, అంతే.

ఒక తెల్లవారుజామున రేవుపేట కాపలావాడు తన పేటకి పరుగెత్తాడు. చేపలన్నీ ఒక్కొక్కటీ పల్చటి జిగురు సంచిలో చుట్టుకుని రాళ్ల సందుల్లో కదలకుండా పడి ఉన్నాయట. నరసమ్మ చేతబడి చేసిందని, చిల్లంగి పెట్టిందని పొద్దెక్కేలోగా రెండు పేటలా పాకిపోయింది. చేప పోయినా సరే గాని చిల్లంగి మాట అంటుకుంటే ఊళ్లో ఎవరూ నిప్పయినా ఇవ్వరు. నరసమ్మ ఏడవలేదు, ఒట్టు వెయ్యలేదు. మర్నాడు కోడికూతకి ముందే రామూర్తి గుమ్మంలో నిలబడి, రమ్మంది. పాటులో ఆయన్ని తెప్ప మీద పేటల మధ్య బండకే తీసుకెళ్లి, తను ఎన్నడూ చెయ్యిపెట్టని ఒక పగులు చూపించింది. రామూర్తి చెయ్యి దూర్చాడు. జారిపోయే జిగురు, దాని లోపల నిద్రపోతున్న చేప. ఆయన చెయ్యి బయటికి తీసి పంచెకి తుడుచుకుంటూ, "ఇవన్నీ దుప్పట్లు కప్పుకు తొంగుంటాయేటి," అన్నాడు. చిల్లంగి మాట ఆ రోజుతో ఆగింది.

ఆ తర్వాతే మడుగులో పెద్దది మిగతావాటిని తరమడం మొదలుపెట్టింది. మంచి నాచు రాయి దగ్గరకి దేన్నీ రానివ్వడం లేదు. దాని ఎరుపు మాసి బూడిదరంగయింది. దవడ కింద పచ్చటి గీత ఒకటి పడింది. కాపలావాళ్లు వంతు అయిపోయినా ఇళ్లకి పోవడం మానేశారు. ఎండలు ముదరనే లేదు, అది నీలంగా మెరిసింది.

రెండు పేటలూ మడుగు చుట్టూ చేరాయి. రామూర్తి గట్టు మీద వంగి చూశాడు.

"నువ్వు దొంగవి కాదు. నా మాట ఎనక్కి తీసుకుంటన్నాను," అన్నాడు. అని పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. "ఇకనేటి, నీలవైనాది గదా. కట్టు పెకారం ఇది మాది."

నరసమ్మ ఆయనకీ చేపకీ మధ్య నిలబడింది.

"ఎర్రదాన్ని ఒగ్గింది నువ్వు మావా. మొన్న సగం ఎరుపు, సగం నీలం. ఆ పొద్దు అదెవులిది?"

రామూర్తి పక్కకి తిరిగి చేపకోసం వంగాడు. నరసమ్మ మళ్లీ అడ్డొచ్చింది.

"మీరు నీలందాన్ని పట్టినప్పుడల్లా మా గుంపులో పెద్దది నీలవై మీ వలలోకి ఎల్తన్నాది. తాతలనాటి నుంచి మా సేపే తింతన్నారు."

"మీరు ఎర్రవాటిని ఊడ్సీత్తే మాకు నీలంవి ఎక్కణ్ణుంచి వత్తాయి? అదీ సెప్పు."

"అదే నానూ సెప్తన్నాను. సేపని పంచుకోనేం. ఒక పచ్చం బండ మీది, ఒక పచ్చం మాది. రంగుతో పని నేదు."

మొగలిపేట పెద్దల్లో గుసగుస బయల్దేరింది. తాతల కట్టు తెంచడానికి ఈవిడెవరు, నిర్దోషి అనిపించుకుంది కదా, ఇంటికి పోక. నరసమ్మ వాళ్లవైపు తిరగలేదు. మోకాలిలోతు నీళ్లలో అలాగే నిలబడింది. పోటు ఎక్కి నడుం దాకా వచ్చినా కదల్లేదు. చివరికి రామూర్తి, మొదటి పక్షం, ఆ పదిహేను రోజులూ, తమకిమ్మన్నాడు.

"సంతలో నన్ను దొంగన్నారు. మొదటి పచ్చం మాది," అంది.

ఆయన గడ్డం రాసుకున్నాడు. తనవాళ్ల వంక చూశాడు. సరేనని నీళ్లలోంచి పైకి ఎక్కాడు.

మర్నాడు పొద్దున మొగలిపేటలో ఎవరూ తెప్ప కదపలేదు. కట్టు నిజంగా మారిందో లేదో, ముందు ఇంకెవరైనా వెళ్తే చూద్దామని ఒడ్డునే కూర్చున్నారు. నరసమ్మ తెప్ప దుంగకి భుజం పెట్టి సోములుతోపాటు నీళ్లలోకి తోసింది. సోములు తెడ్డు అందుకుని ఆగాడు.

"నీలంది పడితేనో?"

"పడ్డదాన్ని పట్టుకురా," అని ఆమె తెప్పని ఇంకో తోపు తోసింది.