చివరి మడి దాకా ఒక నివేదిక

మధ్యాహ్న భోజనం తరువాత ఏ పరిశోధన ఫలితమూ మనిషి చెవిలోకి పోదన్న సంగతి నేను చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. 1981 కార్తీకంలో, హనుమకొండలో మేము అద్దెకు తీసుకున్న మేడ మీది హాలులో దానిని కళ్ళారా చూశాను. వ్యవసాయ విధానాల మీద పరిశోధన చేసేవారికి తమ ఫలితాలను అధికారులకూ రైతులకూ తలకెక్కేలా చెప్పడం నేర్పే బాధ్యత అప్పుడు నాది. కిటికీల ఎండ నేల మీద పలకలు పలకలుగా పరుచుకునేది. వీధిలో ఎక్కడో దూది ఏకేవాని తీగ ఒకే స్వరంలో మోగుతూ ఉండేది. ఆ ఎండలో, ఆ మోతలో 'సగటు నీటి లభ్యత' అన్న మాట వినబడగానే ముందు వరుస నుంచి చివరి వరుస దాకా తలలు వాలిపోయేవి.

ఆ మాటను అందరికంటే ఎక్కువగా పలికేవాడు యాకయ్య. వర్ధన్నపేట అవతల ఒక చెరువు కింది చిన్న కాలువ మీద అతడు మూడేళ్ళు నీటి కొలతలు తీశాడు. కాలువ మొదట్లో ఒక ఊరు, చివర ఒక ఊరు. పై ఊరివారు ముందుగా నీరు పెట్టుకునేవారు. మళ్ళీ వంతు ఎప్పుడు వస్తుందో నమ్మకం లేదు కనుక అవసరానికి మించి పెట్టుకునేవారు. మించిన నీరు గట్టు దాటి పక్కనున్న చిన్న వాగులో, అంటే ఒర్రెలో కలిసేది. అందువల్ల చివరి ఊరికి చలికాలపు యాసంగి పంటకు తడి ఇసుక తప్ప మరేమీ చేరేది కాదు. యాకయ్య తేల్చిన విషయం చాలా సరళమైనది. వంతును తిరగేసి, నీటిని ముందు చివరి ఊరికి పంపి, అక్కడి నుంచి పైకి తడుపుకుంటూ వస్తే ఒర్రె పాలయ్యే నీరు మిగులుతుంది, రెండు ఊళ్ళూ పండుతాయి.

చివరి ఊరు అతని సొంత ఊరు. ఈ యాసంగికి కూడా నీరు రాకపోతే భూమిని వదిలేసి భివండికి పోయి మరమగ్గాల దగ్గర మూటలు మోసుకుంటానని తండ్రి రాయమల్లు అతనితో చెప్పి ఉన్నాడు. కొడుకు నివేదికలో ఆ మాట లేదు. అటువంటి మాటలను చేర్చే పద్ధతి మా శాస్త్రంలో లేదు.

వంతు మార్చే ఉత్తర్వు రాయగల ఇంజనీరు కిషన్ రావు కూడా మా శిక్షణకు వచ్చేవాడు. అతడు సహృదయుడే కాని భ్రమలు లేని మనిషి.

"కాయితం నేను రాస్త యాకయ్యా. పై ఊరోళ్ళు ఒప్పుకోకుంటె ఆ కాయితం తూములనే కొట్టుకపోతది. ముందుగల వాళ్ళను ఒప్పియ్యి."

"ఎట్ల ఒప్పియ్యాలె సార్? రిపోర్టు మొత్తం చదివి వినిపిస్త."

"వద్దు వద్దు. వాళ్ళు మంచోళ్ళు, గంత శిక్ష ఎందుకు?"

నేను కారణం వెతికాను. తెల్లవార్లూ ఒగ్గు కథ వినే మనుషులు పావుగంట నివేదికకు ఎందుకు నిద్రపోతారు? కథ వినేవానికి ఒక పని ఉంటుంది: అతడు ఊకొట్టాలి. ఊకొట్టడం ఆగితే చెప్పేవాడు కూడా ఆగాలి. నివేదిక వినేవానికి ఏ పనీ లేదు; పని లేనివాడు నిద్రపోవడం సహజం. మరునాడు హాలులో కుర్చీలు తీయించి చాపలు వేయించాను. ఒకరు పడుకొని కళ్ళు మూసుకోవాలి. మరొకరు పక్కన కూర్చొని తన పరిశోధన చెప్పాలి. ఊ ఆగిన వాక్యం దగ్గర ఆగి, దానిని తీసివేసి, మళ్ళీ మొదలుపెట్టాలి.

"మేడమ్, ఇది ట్రెయినింగా, బాలవాడియా?" అంటూనే కిషన్ రావు హాయిగా కాళ్ళు చాపాడు. "పండుకుంటె జీతమిచ్చే నౌకరీ నా సర్వీసుల ఇదే ఫస్టు."

యాకయ్య చెబుతుంటే కిషన్ రావు ఊ ప్రతిసారీ 'సగటు' అన్నచోటనే ఆగేది.

"నీ సగటు మా అత్తగారి జోలపాట లెక్కున్నది. ఇంకేమన్న చెప్పు."

"ఇంకేముంది సార్, నీళ్ళే ఉన్నయి."

"అయితె నీళ్ళ ముచ్చటే చెప్పు."

 యాకయ్య నేల మీది ఎండను చూస్తూ చెప్పసాగాడు. తూము ఎత్తగానే నీరు నిద్ర లేచిందన్నాడు. ఒళ్ళు విరుచుకొని నడక మొదలుపెట్టిందన్నాడు. తుమ్మల నీడలో కాసేపు నల్లబడి, బండల మీద తెల్లబడి, తన ముందు ఎండుటాకులను తోసుకుంటూ పోతున్నదన్నాడు. కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. అంకెలుగా కాక, ఏ మలుపు దగ్గర ఎంత సన్నబడిందన్న రూపంలో ఉన్నాయి. దూది ఏకే తీగ ఎప్పుడు ఆగిపోయిందో మాకు తెలియలేదు. హాలు గోడలు కొంచెం దూరం జరిగినట్లు, చాపల కింద ఏదో మెల్లగా పారుతున్నట్లు నాకు అనిపించింది. కిషన్ రావు ఊకొట్టడం సన్నగిల్లి, చివరికి నిలిచిపోయింది. నియమం ప్రకారం యాకయ్య ఆగాడు. అతని కథలోని నీరు కూడా ఒక మలుపు దగ్గర నిలిచింది.

కొంతసేపటికి కిషన్ రావు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. కళ్ళు ఇంకా ఇక్కడికి రాలేదు.

"నీళ్ళు వచ్చినయా?" అని అడిగాడు.

నిద్రలో అతడు చేతిలో పారతో చివరి మడి గట్టు మీద నిలబడి ఎదురు చూస్తున్నాడట. మూడేళ్ళ పరిశోధనను గురించి ఒక అధికారి వేసిన మొదటి ప్రశ్న అది.

ఆ వారంలోనే కిషన్ రావూ యాకయ్యా నేనూ పై ఊరికి పోయాము. పెద్ద కమతం గల కొమురెల్లి కల్లంలో జనం కూడారు. వానకాలం వరి కోతలు అయిపోయాయి. కొత్త గడ్డి వాసన మత్తుగా కమ్ముకొని ఉన్నది. కొమురెల్లి తల్లి మల్లవ్వ గడ్డివాముకు ఆనుకొని కునుకు తీస్తున్నది. చివరి ఊరి నుంచి రాయమల్లు ఒక్కడే వచ్చి, అందరికీ దూరంగా గొంతుకూర్చున్నాడు.

"ఏందిరా యాకా, మీ అయ్య నిన్ను సదివిపిచ్చింది మా నీళ్ళు గుంజుకపోయేటందుకేనా?" అన్నాడు కొమురెల్లి. జనం నవ్వారు.

"గుంజుకపోను పటేలా. ఒక కథ చెప్పిపోత. జర ఊకొట్టుర్రి."

"సర్కారు కథలు మస్తు విన్నం. ఇదొకటి ఎక్కువైతదా? చెప్పు."

నీరు నిద్ర లేచింది. కొమురెల్లి ఊకొట్టాడు. నీరు పై ఊరి మడుల్లోకి వచ్చి వరి మొదళ్ళలో చల్లగా కూర్చున్నది. ఊకొట్టాడు, ఈసారి కొంచెం గర్వంగా.

"కడుపు నిండ తాపిచ్చిండ్రు పటేలా. మళ్ళ ఎప్పుడొస్తయో అని ఇంకింత తాపిచ్చిండ్రు. నిండిన మడి ఎంతని తాగుతది? నీళ్ళు గట్టు దిగినయి. ఒర్రెల పడ్డయి."

ఊ రాలేదు. కొమురెల్లి పెదవులు బిగించి యాకయ్యను చూస్తున్నాడు. కథ ఎటు పోతున్నదో అతనికి తెలిసిపోయింది.

యాకయ్య ఆగాడు. అలా ఆగమని నేర్పింది నేనే. ఆ క్షణంలో నాకు కారణమూ ఫలితమూ రెండూ స్పష్టంగా కనబడ్డాయి: ఊ లేకుండా చెప్పుకుపోతే అది మళ్ళీ పాత నివేదిక అవుతుంది, చెప్పకపోతే రాయమల్లు భివండి రైలు ఎక్కుతాడు. కల్లం మీద పొట్టు బంగారు రంగులో తేలుతున్నది. 

"ఆగినవేంది బిడ్డా?" గడ్డివాము దగ్గరి నుంచి మల్లవ్వ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"పటేల్ ఊకొడ్తలేడమ్మా."

"వాడు కొట్టకుంటె నేను కొడ్త. నీళ్ళను ఒర్రెల ఇడిసిపెట్టి పోతవా? ఊఁ... చెప్పు."

"అవ్వా, నువ్వు పండుకో. ఇది కథ గాదు, మన నీళ్ళ ముచ్చట," అన్నాడు కొమురెల్లి.

"మన నీళ్ళయితె నేను ఇనొద్దా? చిన్నప్పుడు సగం కథకే నిద్రపోయి, తెల్లారంగనే తర్వాత ఏమైందే అని నా పానం తీసెటోనివి. ఊకో!"

కల్లమంతా గొల్లుమన్నది. కొమురెల్లి చెవులు ఎర్రబడ్డాయి. మల్లవ్వ మళ్ళీ ఊకొట్టింది. ఆమె పక్కనున్న ఆడవాళ్ళు కొట్టారు. తరువాత వెనక నిలబడినవాళ్ళు కొట్టారు. యాకయ్య కథ అందుకున్నాడు, నీరు నడిచింది. ఈసారి అది మళ్ళీ తూము దగ్గర మొదలై, పై ఊరి మడుల పక్క నుంచి ఆగకుండా పోయింది. చివరి మడి తడిశాక వంతు వెనుదిరిగి, ఒక్కొక్క మడినే నింపుకుంటూ పైకి వచ్చింది.

"మీ దగ్గరికి వచ్చేసరికి చెరువుల ఇంక నీళ్ళున్నయి పటేలా. మూడేండ్లు కొలిచిన. ఒర్రెల పడ్డ నీళ్ళతోనే మా ఊరు పండుతది. మీది ఒక్క మడి ఎండది."

కొమురెల్లి తల వంచుకొని ఒక గడ్డిపోచను తుంచాడు. "నడుమ ఎవడన్న గండి కొడితె?" అన్నాడు. "నువ్వు హనుమకొండల పంక కింద ఉంటవు. నేనే నీళ్ళ ఎంబడి పోత. పోతయా లేవా నా కండ్లతోని చూస్త. ఈ ఒక్క యాసంగే. నా మడి ఎండిందో, నిన్నూ నీ కొలతలనూ కలిపి తూముల ఏస్త."

"నన్ను కూడ ఏయుర్రి పటేలా," అన్నాడు కిషన్ రావు. "సంతకం నాదే గద."

మార్గశిరంలో తూము ఎత్తారు. నేనూ యాకయ్యా అతని తండ్రితో కలిసి చివరి మడి దగ్గర నిలబడ్డాము. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కాలువ ఎక్కడ ముగిసి ఆకాశం ఎక్కడ మొదలవుతున్నదో తెలియడం లేదు. మొదట చెప్పులు చేతబట్టుకున్న ఒక మనిషి ఆకారం కనబడింది. ఆ తరువాత అతని పాదాల పక్కన, ఎండుటాకులనూ నురుగునూ తోసుకుంటూ, నాలుకలాంటి ఒక సన్నని తడి కనబడింది. కొమురెల్లి దానితో సమానంగా నడుస్తున్నాడు. ఎండ్రికాయ బొరియ కనబడినచోట ఆగి మడమతో మట్టి తొక్కి, మళ్ళీ నీటిని అందుకుంటున్నాడు.

"ఇగో రాయమల్లూ, తోలుకొచ్చిన. పట్టుకో."

 రాయమల్లు పారతో గట్టు తెరిచాడు. నీరు ఒక క్షణం తడబడి మడిలోకి దిగింది. నెర్రెలు ఒక్కొక్కటిగా బుడగలు వదిలి మూసుకుపోయాయి. కొమురెల్లి గట్టు మీద కూలబడి బురద కాళ్ళు చాపుకున్నాడు.

"నిండంగనే కట్టెయ్యి. చుక్క కూడ ఒర్రెల పడనీయకు," అన్నాడు గట్టిగా.

"కట్టేస్త పటేలా," అన్నాడు రాయమల్లు, మడి మీది నుంచి చూపు తిప్పకుండా. "నిండనీ."