ఎనభై అక్షరాల డబ్బా

పొద్దున్నే తాళం తీసి, ఆమె ముందుగా మిషను బల్ల కిందే ఊడుస్తుంది. అక్షరాలన్నీ అక్కడే పడి ఉంటాయి మరి. ఓడల్లో పనిచేసేవాళ్ళకు ఇంటివాళ్ళు కబుర్లు పంపే ఆఫీసు అది. కబురు పొడుగైతే చివరి ముక్క తెగి, నువ్వులు చల్లినట్టు నేలమీద రాలుతుంది. తడిగుడ్డకు అంటుకుంటే ఓ పట్టాన వదలవు.

ఇంట్లో ఆమెను పలకరించే దిక్కు లేదు. అందుకని రోజూ గుప్పెడు కొంగున కట్టుకెళ్ళి, కూడబలుక్కుని చదువుకుంటుంది. '...జాగ్రత్త నాన్నా.' '...నీ చెప్పులు అక్కడే ఉంచాను.' ఎవరివైతేనేం.

ఆమెకూ ఓ తమ్ముడున్నాడు, ఓడలో వంటవాడు. అమ్మ పోయినప్పుడు రాలేదని, మూడేళ్ళ కిందట ఈ మిషను ముందే కూర్చుని కబురు పంపింది. జవాబు లేదు.

ఒకరోజు బీరువా జరిపితే గోడవారన ఓ ముక్క దొరికింది. '...అని తిట్టాలనుకున్నా గానీ, నువ్వు తప్ప నాకెవరున్నార్రా. వచ్చెయ్. అమ్మ పెద్దగిన్నె నీకే ఉంచా.'

తన మాటలే. అంటే వాడికి చేరింది ముందు సగమే: చచ్చినా నా గడప తొక్కకు.

ఆ మిషనుకు ప్రోగ్రాము రాసే కళ్ళజోడు పిల్ల ముందు ఆ అక్షరాల దోసిలి పట్టింది. "ఇలా కోసేశావేం అమ్మాయ్?"

"ఏం చెయ్యను పిన్నీ! మొదట్లో కొలత లేకుండా చదివించా. పొంగి పక్కవాళ్ళ కబురులో పడేది. ఒకాయనకి మీ ఆవిడ ఈనిందని వెళ్ళింది, ఈనింది ఎవరి మేకో! అందుకే ఎఫ్‌గెట్స్ అని, కొలిచి చదివే ఆజ్ఞ పెట్టా. మిషను లోపలి డబ్బాకి పట్టే ఎనభై అక్షరాలే తీసుకుంటుంది."

"మిగిలింది?"

"పారబోస్తున్నా."

"బిందె నిండితే ఇంకో బిందె పెడతాం గానీ, నీళ్ళు కాలవలోకి వదుల్తామా?" అనేసి, ఆమే సిగ్గుపడింది.

పిల్ల నవ్వలేదు. కూర్చుని తిరగరాసింది. కబురు అయిపోయిన గుర్తు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చదవాలి, ముక్కలన్నీ అతకాలి. ఆమె పాత ముక్కను చేటలోకెత్తి, మిషను సందులో పోసి తమ్ముడికి పంపింది.

పంతొమ్మిదో రోజున జవాబొచ్చింది. మొదటి ఎనభై అక్షరాలూ తిట్లే. గుర్తు రాలేదు, మిషను మళ్ళీ చదివింది. ఇంకా తిట్లే.

"గట్టివాడే మీ తమ్ముడు," అంది పిల్ల.

"మా ఇంట్లో అందరం తిట్లతోనే మొదలెడతాం," అంది ఆమె, చీపురు గట్టిగా పట్టుకుని.

బల్ల కింద ఒక్క అక్షరమూ రాలలేదు. మూడోసారి చదివాక గుర్తు వచ్చింది.

'...శుక్రవారం దిగుతున్నా. గిన్నె తోమి ఉంచు.'