మా కథలో యోసేపు లేడు

సీతమ్మతో వాదించేకంటే గోడతో వాదించడం నయం. గోడ కనీసం ఎదురు మాట్లాడదు. పాల్మాకులలో మా ఇంటి వెనక వాటాలో ఆమె కిరాయికి ఉంటుంది. ఇద్దరికీ నల్లా ఒకటే కాబట్టి బిందెలతో పాటే వాదన కూడా మొదలవుతుంది. యేసు దేవుని కొడుకు అంటుంది ఆమె. దేవునికి కొడుకులేమిటి, మేం ఈసా అని పిలిచే ఆయన మర్యమ్ కొడుకు, పెద్ద ప్రవక్త అంటాను నేను. సిలువ మీద చనిపోయాడు అంటుంది. చావనివ్వలేదు, అల్లా పైకి తీసుకున్నాడు అంటాను. ఆయన మళ్లీ వస్తాడన్న ఒక్క సంగతిలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. వచ్చినప్పుడు ఆయన్నే అడుగుదాంలే అనుకుని ఎవరి బిందె వాళ్లం ఎత్తుకుని పోతాం.

ఆమె కూతురు ఎవాంజెలిన్ కడుపుతో ఉందని తెలిసేవరకు ఇదంతా సరదాగానే సాగింది. ఎయిర్‌పోర్టులో కాఫీ దుకాణంలో పనిచేసే పిల్ల. పెళ్లి చేసుకుంటానన్నవాడు దుబాయ్ విమానమెక్కి ఫోన్ నంబరు మార్చేశాడు. వాడి పేరు పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఆనాటి నుంచి సీతమ్మ కూతురితో మాట మానేసింది. బిడ్డ పుట్టగానే బడంగ్‌పేట్‌లో పిల్లలు లేని ఒక జంటకు ఇచ్చేస్తానని తమ చర్చి సంఘం పెద్ద అనంతయ్యకు మాటిచ్చింది. ఎవాంజెలిన్‌ను మాత్రం ఎవరూ అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయేది.

సర్కారు దవాఖానలో నొప్పులు పడుతున్న పిల్ల చెయ్యి పట్టుకున్నది నేను. కన్నతల్లి వరండాలో బల్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తోంది. ఇక తట్టుకోలేక బయటికి వచ్చాను.

"లోపట నీ బిడ్డ సచ్చిపోయినా బాగుండు అని ఏడుస్తుంది. జర లోపటికి రా సీతమ్మా."

"నా పరువు తీసేటప్పుడు ఏడ్వలే గద?"

"మర్యమ్ గూడ గదే మాట అన్నది, తెలుసా? మా ఖురాన్‌ల ఉన్నది. నొప్పులకు తాళలేక ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకొని, ఇంతకు ముందే సచ్చిపోయి, అందరు నన్ను మర్చిపోయుంటే బాగుండు అన్నది."

"మా మరియమ్మ గట్ల అనలే. పశువుల పాకల కన్నది. పక్కన పెనిమిటి యోసేపు ఉండె."

"మా కథల యోసేపు లేడు. ఒక్కతే కన్నది. బిడ్డనెత్తుకొని ఒక్కతే తనోళ్ల దగ్గరికి వచ్చింది. మీ నాయిన చెడ్డోడు కాదు, మీ అమ్మ చెడ్డది కాదు, నువ్వేంది గిట్ల చేసినవని వాళ్లు నిలదీసిన్రు."

సీతమ్మ చటుక్కున లేచింది. "మరియమ్మ కన్య! ఆమెతోని దీన్ని పోలుస్తవా?"

"తోబ తోబ! నేను పోలుస్తలేను. అంత పవిత్రమైన మనిషినే జనం గట్ల అన్నరు. జనం నోరు గట్లనే ఉంటది. నువ్వు జనమా, తల్లివా?"

ఆమె ముఖం నల్లబడింది. చెంగు మెలిపెట్టుకుంటూ, "మరి ఆమె ఏం జవాబు చెప్పింది?" అంది.

"నోరు తెరవలే. బిడ్డను చూపించింది. ఉయ్యాల్ల ఉన్న ఈసా మాట్లాడిండు. తల్లి మీద పడ్డ నింద పోయింది."

"మా బైబిల్ల గది లేదు." సీతమ్మ మళ్లీ కూలబడింది. "మీ ఈసా మాట్లాడిండు సరే. ఇప్పుడు పుట్టేది మాట్లాడుతదా? చెప్పు జైతూనక్కా."

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక లోపలికి పోయాను.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. సాయంత్రం అనంతయ్య ఆ జంటను వెంటబెట్టుకుని వార్డుకు వచ్చాడు. సీతమ్మ కూడా వాళ్ల వెనకే వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. అనంతయ్య చెడ్డవాడు కాదు, మెత్తగానే అడిగాడు.

"ఏమ్మా, తండ్రి ఎవరో ఇప్పుడన్న చెప్పు. రేపు వీళ్లకు ఇబ్బంది రావద్దు."

ఎవాంజెలిన్ పెదవి విప్పలేదు. పక్కలో ఉన్న బిడ్డ వైపే చూస్తూ ఉండిపోయింది. అందరం అటే చూశాం. అల్లా నన్ను క్షమించాలి, ఇంత వయసొచ్చి నేను కూడా వెర్రిదానిలా ఆ పసిగుడ్డు నోటి వంక చూశాను. అది ఆవలించి నిద్రపోయింది.

బడంగ్‌పేట్ ఆమె కొత్త తువ్వాలు విప్పి చేతులు చాపింది. తలుపు దగ్గరి నుంచి సీతమ్మ గబగబా వచ్చి, ఆమె కంటే ముందు బిడ్డను ఎత్తుకుంది.

"తండ్రి సంగతి నాకు తెల్వదు, అనంతయ్యన్నా. అమ్మమ్మను నేను. ఏమడిగినా నన్ను అడగాలె."

"మాట అనుకున్నం గద సీతమ్మా?"

"అనుకున్నం. అప్పటికి దీన్ని చూడలే."

ఆ కొత్తామె తువ్వాలును మెల్లగా మడతపెట్టింది. వాళ్లు వెళ్లిపోయాక ఎవాంజెలిన్ గోడ వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. సీతమ్మ మంచం మీద, కూతురి కాళ్ల దగ్గర కూర్చుంది. నా వైపు ఉరిమి చూసింది.

"అట్ల జూస్తవేంది? ఉయ్యాల్ల పిల్లలు మాట్లాడుతరంటే నేను ఇప్పటికీ నమ్మ."

"నమ్మకు తల్లీ, ఎవరు నమ్మమన్నరు? ముందు ఆ పిల్లను ఇటియ్యి. జర నేను గూడ ఎత్తుకుంట."

సీతమ్మ బిడ్డను రొమ్ముకు గట్టిగా అదుముకుంది.

"ఇయ్య" అంది.